రెండు వందల గజాల రెక్క

"రేపు పొద్దున కోర్టులో గిల్టీ అని ప్లీడ్ చేసేస్తాను. ఇక నువ్వు వెతకాల్సిందేం లేదమ్మా," అన్నాడు విశ్వనాథం.

విద్య ప్రైవేట్ డిటెక్టివ్. ఆమెను పనికి పెట్టుకున్నది ఈయన కాదు. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఈయన భార్య సరోజ. ఆపరేషన్ థియేటర్లో మనుషులకి మత్తిచ్చి మళ్ళీ భద్రంగా మేలుకొలపడమే వృత్తిగా బతికిన డాక్టరు, డెబ్బై రెండో ఏట కాల్గరీ బయట వేటకి వెళ్ళి తన స్నేహితుడు శ్రీరాములిని కాల్చి చంపాడని కేసు. ఒప్పుకుంటే జైలు. స్టెంట్లు వేసిన గుండెతో లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాడని సరోజ భయం. విద్య చేతిలో ఉన్నది ఈ ఒక్క పూట.

"ప్లీడ్ చేద్దురుగాని అంకుల్. జరిగింది నాకు ఒక్కసారి చెప్పండి. పోలీసులకి చెప్పినట్టు కాదు, మీకు గుర్తున్నట్టు."

"దసరా మర్నాడు. ముగ్గురం వెళ్ళాం. నేను, శ్రీరాములు, వెంకటేశ్వర రావు." రావు, శ్రీరాములు కలిసి ఇళ్ళు కట్టించే వ్యాపారం చేసేవాళ్ళనీ, ఇప్పుడది రావు ఒక్కడిదేననీ విద్యకి తెలుసు. "శ్రీరాములు చెట్ల అవతలికి పోయి కూర్చున్నాడు. రావు నా పక్కన. విల్లో పొదల వెనక ఎల్క్ వచ్చింది, గుర్రమంత దుప్పి. అరవై గజాలుంటుంది. వీపు మాత్రం కనిపిస్తోంది. కాల్చాను. రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. ఒక గుండు దాని వీపు మీది బొచ్చు రాసుకుంటూ పోయింది. రెండోది శ్రీరాములికి."

"రెండూ పేలాయని మీకు తెలిసిందా? రావుగారు చెప్పారా?"

విశ్వనాథం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"వాడు పక్కనే ఉన్నాడు. కళ్ళారా చూశాడు."

"మీకు?"

"నాకా... నాకు ఒక్క దెబ్బే గుర్తు. తరవాత చెట్లలో నెత్తురు జాడ వెతుకుతుంటే ఇంకో పేలుడు విన్నాననుకున్నాను. శ్రీరాములు కాల్చాడనుకున్నా. వాడి తుపాకీ అసలు పేలనే లేదన్నారు పోలీసులు. నా తుపాకీ తెరిస్తే రెండు ఖాళీ తూటాలు బయటికొచ్చాయి. ఈ చెవులు నమ్మేదేంటి? కొండల్లో ప్రతిధ్వని అయ్యుంటుంది డాక్టరుగారూ అన్నాడు రావు. అంతే అయ్యుంటుంది."

"రెండు ట్రిగ్గర్లు కదా. రెండూ ఒకేసారి ఎలా పేలతాయి?"

"డబుల్ రైఫిల్ పేలితే భుజాన్ని తన్నే తన్ను మామూలుగా ఉండదమ్మా. ముందు ట్రిగ్గర్ నొక్కిన వేలు ఆ తన్నుకి జారి వెనకదాని మీద పడుతుంది. నాకెప్పుడూ జరగలేదు. జరిగినవాళ్ళని చూశాను."

మొదటిసారిగా ఆయన గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. తుపాకీ గురించి మాట్లాడుతుంటే వచ్చిన ప్రాణం అది. విద్య దాన్ని పోనివ్వలేదు.

"ఎంత దూరం వరకు కొట్టొచ్చు దానితో?"

"దూరానికి చేసింది కాదు. దుర్భిణి లేదు. గొట్టాల మీద ఒక V గాటు, కొసన ఆవగింజంత పూస. గాటులో పూసని పెట్టుకుని కొట్టాలి. రెండు గొట్టాల గుళ్ళూ అరవై, డెబ్బై గజాల్లో ఒకే చోట తగిలేట్టు అమర్చారు. ఆ తర్వాత దేని దారి దానిది. వంద గజాలు దాటితే నేను ట్రిగ్గర్ ముట్టుకోను. ఎవర్నయినా అడుగు."

విద్య లాయరు ద్వారా వచ్చిన పోలీసు ఫోటో ఒకటి బల్ల మీద పెట్టింది. తుపాకీ వీపు. V గాటు వెనకే చిన్న ఇనప రెక్క ఒకటి నిలబడి ఉంది. దానికీ ఒక గాటు. కింద 200 అని అంకె, అంత దూరంలోని గురికి లేపుకునే మడత రెక్క.

"వంద దాటితే ముట్టుకోని మనిషి రెండు వందల రెక్క ఎందుకు లేపారు?"

విశ్వనాథం ఫోటో వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. వెంటనే కళ్ళు దించుకున్నాడు.

"సంచిలో తగిలి అదే లేచిందేమో."

అబద్ధం. అయితే తనని తాను కాపాడుకోడానికి చెప్పింది కాదు. జైలుకి సిద్ధపడిన మనిషికి ఇంకా దాచుకునేదేముంది?

విద్య సరోజ వైపు తిరిగింది. "ఆంటీ, ఆ రాత్రి అంకుల్ భుజానికి ఏం రాశారు?"

"భుజానికా? ఏం రాయలేదే. మోకాలికి రాశాను, ఎప్పుడూ ఉండేదేగా ఆ నొప్పి."

"భుజం కమిలిందా?"

"లేదమ్మా. నా చేతుల్తోనే చొక్కా విప్పాను, ఒళ్ళంతా వణికిపోతుంటే. రెండేళ్ళ కింద షూటింగ్ రేంజ్‌లో పల్చటి చొక్కా మీద పెట్టుకుని ఒక్కటి కాల్చాడు, వారం రోజులు వంకాయ రంగులో ఉండింది. ఈసారి దళసరి జాకెట్టు ఉంది కదా."

"జాకెట్టు ఒక్క దెబ్బని ఆపుతుంది. రెండు కలిసి తంతే ఆపుతుందా అంకుల్? స్టెంట్లు, మందులు, రక్తం పల్చబడే మాత్రలు. మచ్చ కూడా లేకుండా? డాక్టరు మీరు, నేను కాదు."

 విశ్వనాథం ఎడమ చెయ్యి దానంతట అదే కుడి భుజం మీదికి వెళ్ళింది.

"నాకు తల తిరుగుతోంది. కాసేపు పడుకుంటాను," అని లేచి వెళ్ళిపోయాడు.

బూట్లు వేసుకుంటున్న విద్య దగ్గరికి సరోజ వచ్చింది. విద్య ఫోటోని పెద్దది చేసి చూపించింది. V గాటు అడుగున ఓ మూల ఎర్రటి చుక్క. 

"ఇదేంటి ఆంటీ? రిపోర్టులో తుప్పు అని రాశారు."

"తుప్పేంటి నా మొహం. కుంకుమ అది. ఆయుధపూజ చేశాను కదా. కారుకీ, మిక్సీకీ, ఆయన స్టెతస్కోపుకీ, దీనికీ. కమ్మగా గంధం తీసి పెట్టాను. వాట్సాప్‌లో మా అక్కయ్యకి పంపాను, ఉండు."

ఆమె ఫోన్లో ఫోటో చూసిన విద్య ఒక కాలికి బూటుతో అలాగే ఉండిపోయింది. తరవాత దాన్ని తన ఫోన్‌కి పంపించుకుంది.

"ఆంటీ, ఓ ఆవగింజ ఇవ్వండి. కాస్త ఫెవికాల్ కూడా."

* * *

సండ్రీ ఊరు దాటి కంకర రోడ్డు మీద చాలాసేపు పోయాక, వేట జరిగిన ఆ పచ్చికబయలు. విద్య గేటు తెరిచి లోపలికి వెళ్ళేసరికి అక్కడ ఒక పికప్ ట్రక్కు ఆగి ఉంది. నారింజ రంగు జాకెట్టు వేసుకున్న మనిషి కంటికి చిన్న పరికరం పెట్టుకుని దూరం కొలుస్తున్నాడు.

సాయి కిరణ్. కాల్గరీలో తెలుగువాళ్ళ కేసులు పట్టే ఇంకో ప్రైవేట్ డిటెక్టివ్. ఈ కేసులో అవతలి పక్షం. తప్పంతా డాక్టరుదేనని తేల్చడానికి వెంకటేశ్వర రావు తన కంపెనీ తరఫున పెట్టుకున్న మనిషి.

"రా అక్కా. పాపను డేకేర్‌ల దింపి వచ్చినవా? ఆరు దాటితే ఫైన్ వేస్తరంట కదా వాళ్ళు."

"వేస్తారు. అందుకే తొందరగా తేల్చుకుందాం. ఏం కొలుస్తున్నావ్?"

"కొలిచేసిన." సాయి కిరణ్ పరికరం ఆమె ముందు పెట్టాడు. "డాక్టర్ నిలబడ్డది ఈడ. శ్రీరాములు అంకుల్ పడింది ఆడ, ఆ ఎర్ర రిబ్బన్ కట్టిన కర్ర. రెండు వందల నాలుగు గజాలు. రైఫిల్ మీద లేచి ఉన్న రెక్క రెండు వందలు. ఇంకేం కావాలె? రెండు గొట్టాలు ఒక్కసారి పేలినయ్ అన్నది కట్టుకథ. మొదటి గుండు మిస్ అయింది. రెక్క లేపి, దూరంగ కదిలినదాన్ని ఎల్క్ అనుకుని రెండోది కొట్టిండు. చూడకుండ కొట్టిండు. పొరపాటు కాదది, క్రిమినల్ నెగ్లిజెన్స్. మా రావు సార్ పాపం దోస్తును కాపాడాలని ఒకేసారి పేలినయ్ అన్నడు. నేను ఎందుకు అనాలె?"

"రెండు వందల గజాల్లో ఆ తుపాకీతో మనిషిని ఛాతీ మధ్యలో కొట్టగలవా?"

"రెక్క మీద రాసింది కదా."

"స్పీడోమీటర్ మీద రెండు వందల నలభై అని కూడా రాస్తారు. పోతావా?"

సాయి కిరణ్ నవ్వాడు. విద్య కారులోంచి గజం పొడుగు కర్ర తీసింది. దాని కొసన ఆవగింజ అతికించి ఉంది.

"నీ జాకెట్టు తీసుకెళ్ళి ఆ ఎర్ర రిబ్బన్ కర్రకి తగిలించు."

"చలికి సస్తా."

"పావుగంట. గెలిస్తే నీ రిపోర్టు మీద నేనే సంతకం పెడతా."

అతను గొణుక్కుంటూనే వెళ్ళి తగిలించి వచ్చాడు. విద్య కర్ర ఒక కొస అతని చెంపకి ఆనించింది. "ఒక కన్ను మూసి ఆవగింజని జాకెట్టు మీద పెట్టు. తుపాకీ పూస కూడా కంటికి అంతే దూరంలో ఉంటుంది, అంతే లావు."

సాయి కిరణ్ చూశాడు. కర్ర కొంచెం పక్కకి జరిపాడు. మళ్ళీ చూశాడు.

"ఏం కనిపిస్తోంది?"

"...జాకెట్ కనిపిస్తలేదు."

"అంత వెడల్పు ఛాతీ మొత్తం ఒక ఆవగింజ వెనక దాక్కుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కంటికి. శుక్లాలు తీయించుకున్న డెబ్బై రెండేళ్ళ కంటికి పూస మసక, గాటు మసక. చేతులు వణుకుతాయి. నువ్వేమో మధ్యలో కొట్టాడంటున్నావ్."

"తగలకూడదని లేదు కదా. గుడ్డిగ కొట్టినా ఒక్కోసారి తగుల్తది." అతను కర్ర వెనక్కి ఇచ్చాడు. గొంతులో ఇందాకటి ఊపు లేదు. "గుండు ఆ రైఫిల్‌దే. అది ల్యాబ్‌ల తేలింది. ఆవాలతోని, మెంతులతోని మారదు అక్కా."

"గుండు ఆ తుపాకీదే. కాదనను. ఎంత దూరం నుంచి వచ్చిందో ల్యాబ్ చెప్పిందా?"

"లేదు."

"అయితే ఇవి చూడు."

విద్య ఫోన్లో మొదటి ఫోటో చూపించింది. సరోజ పూజ ఫోటో. బంతిపూల మధ్య తుపాకీ. గొట్టాల మీద V గాటు అన్నది కనిపించడం లేదు. గాటు నిండా గంధం మెత్తి, మధ్యలో కుంకుమ బొట్టు. దాని వెనక రెండు వందల రెక్క పడుకుని ఉంది. గంధం దాని మీద లేదు.

"దసరా సాయంత్రం ఇది. తెల్లారి వేట. గంధం ఎండి గట్టిపడింది. ఎల్క్ కనిపించగానే పెద్దాయన తుపాకీ ఎత్తాడు. గాటు మూసుకుపోయి ఉంది. భార్య పెట్టిన బొట్టు. తుడవాలంటే చెయ్యి రాలేదు. ఏం చేస్తాడు?"

సాయి కిరణ్ ఫోటో మీద వేలు పెట్టాడు. "వెనక రెక్క లేపుతడు. దాని గాటు సాఫ్ ఉంది."

"దూరం కోసం లేపింది కాదు. అయితే రెండు వందల రెక్కతో అరవై గజాల్లో కొడితే గుండు బెత్తెడు పైకి పోతుంది. ఎల్క్ వీపు మీది బొచ్చు రాసుకుంటూ పోయింది, సరిగ్గా బెత్తెడు ఎత్తున. వెనకున్న ఆస్పెన్ చెట్టులో గుండు దొరికింది. అది మొదటి గుండు. ఇప్పుడు రెండో ఫోటో."

పోలీసు ఫోటో. రెక్క లేచే ఉంది. దాని ముందు V గాటు శుభ్రంగా, ఇనుము మెరుస్తూ ఉంది. అడుగున ఓ మూల ఎర్రటి చుక్క.

సాయి కిరణ్ రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు.

"ఎవడో తుడిచిండు."

"ఎందుకు? రెక్కతో కొట్టేవాడికి ఈ గాటుతో పని లేదు. దగ్గర్నుంచి కొట్టేవాడికే పని. వాడికి ఈ తుపాకీ తెలుసు. రెక్క లేపి దగ్గర్లో కొడితే పైకి పోతుందని తెలుసు. రెక్క పడుకోబెట్టాడు, బొటనవేలితో గాటు తుడిచాడు, కాల్చాడు. తర్వాత లేచి ఉన్న రెక్కని లేచి ఉన్నట్టే పెట్టేశాడు. తుడిచినదాన్ని మళ్ళీ పుయ్యలేకపోయాడు."

దూరంగా జాకెట్టు గాలికి రెపరెపలాడింది. సాయి కిరణ్ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"డాక్టరే తుడుచుకుని ఉండొచ్చు కదా. తుపాకీ ఆయన చెయ్యి విడిచిందని ఎవరన్నరు? నీ కేసుల పెద్ద బొక్క అదే అక్కా."

అది నిజం. విద్యకి తెలుసు. తుపాకీ ఎవరికైనా ఇచ్చానని విశ్వనాథం ఒక్కసారి కూడా అనలేదు. పోలీసులకీ అనలేదు, లాయరుకీ అనలేదు.

ఆమె డాక్టరు నిలబడిన చోటు నుంచి ఎల్క్ కనిపించిన పొదల వైపు నడిచింది. సాయి కిరణ్ వెనకే వచ్చాడు. సగం దూరం పోయాక గడ్డిలో ఆమె ప్యాంటుకి ఏదో గుచ్చుకుంది. ముళ్ళకంచె. నాలుగు వరసల తీగ, నడుం ఎత్తు. గడ్డి ఏపుగా పెరగడంతో దూరానికి ఆనలేదు. కుడివైపు చెట్ల పక్కనుంచి పోతే చివర్లో పశువులు తోలే సందు. ఆ సందు దాటితే ఎర్ర రిబ్బన్ కర్ర చాలా దగ్గర.

"నువ్వు వేటకి పోతావా?" అంది విద్య.

"రెండు సీజన్ల సంది పోతున్న."

"చేతిలో తుపాకీ ఉంది. కంచె దాటాలి. ఏం చేస్తావ్?"

"సేఫ్టీ కోర్సుల మొదటి పాఠం అది. ఖాళీ చేసి పక్కోడికి ఇస్తం. దాటినంక..."

సాయి కిరణ్ ఆ సందు వైపు చూశాడు.

విద్య అప్పటికే విశ్వనాథం నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది. సిగ్నల్ ఒకటే గీత. మూడు రింగులకి ఎత్తాడు.

"అంకుల్, నిద్ర లేపానా? ఒక్క మాట. గంధం మీరు తుడిచారా?"

 అవతల ఏదో హోరు వస్తోంది.

"సరోజ నీ పక్కన ఉందా?" అన్నాడు విశ్వనాథం.

"లేదు."

"తుడవలేదమ్మా. రెక్క లేపాను. బెత్తెడు కిందికి పట్టాలి, ఆ తొందర్లో మర్చిపోయాను. సరోజకి చెప్పకు. తన బొట్టు వల్లే గురి తప్పి శ్రీరాములు పోయాడని తెలిస్తే అది మళ్ళీ దేవుడి గదిలోకి అడుగు పెట్టదు. అంతకంటే జైలే నయం."

ఆయన దాచుకున్నది ఇదన్నమాట. 

"మీరు నెత్తురు జాడ వెతకడానికి కంచె దాటారు కదా. ఆ మోకాలుతో ఎలా దాటారు?"

"కింద నుంచి దూరాను. పాకుతూ."

"తుపాకీతోనా?"

"తుపాకీతో కంచె దూరతారా ఎవరైనా? రావుకి ఇచ్చాను. వాడు సందు వైపు నుంచి చుట్టూ తిరిగి తెస్తానన్నాడు. తెచ్చాడు. ఇదేం ప్రశ్న?"

నలభై మంది కొత్తవాళ్ళకి సేఫ్టీ పాఠాలు చెప్పిన ఈ వేటగాడికి అలా తుపాకీ ఇవ్వడం గుమ్మం దగ్గర చెప్పులు విడవడం లాంటిది. చెప్పాల్సిన సంగతి అనే తోచలేదు.

"ఇచ్చేముందు ఖాళీ చేశారా?"

ఫోన్లో హోరు ఇంకా వస్తూనే ఉంది.

"ఎల్క్ దెబ్బతిని ఉంటే మళ్ళీ కాల్చాల్సొస్తుందని... ఒక గొట్టంలో తూటా ఉంది. ఉంచేశాను. పొరపాటే."

"మీరు చెట్లలో విన్నది ప్రతిధ్వని కాదు అంకుల్. మీ చెవులు సరిగ్గానే ఉన్నాయి. రెండో గుండు మీది కాదు. రావుగారు సందు దగ్గర్నుంచి..."

సాయి కిరణ్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఫోన్ వైపు వేలు చూపించి, చెవి చూపించాడు. అప్పుడు విన్నది విద్య. ఇందాకటి హోరు. కంకర మీద టైర్ల చప్పుడు.

"అంకుల్. మీరు ఇంట్లో లేరా?"

"నిద్ర పట్టలేదమ్మా. రావు వచ్చాడు. కోర్టుకి ముందు ఒక్కసారి ఆ చోటు చూసి, శ్రీరాములికి దణ్ణం పెట్టుకుని వద్దామన్నాడు. మా కారే, వాడు నడుపుతున్నాడు." ఆయన గొంతు సన్నబడింది. "ఫోన్ దానంతట అదే కారు స్పీకర్లోకి వచ్చేసిందమ్మా."

ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత వచ్చిన గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది.

"విద్యగారూ. చాలా శ్రమ పడుతున్నారు. చలిగా ఉంది, ఇక ఇంటికి వెళ్ళండి. పాప కోసం డేకేర్‌కి పోవాలి కదా. డాక్టరుగారిని నేను చూసుకుంటాను."

"రావుగారూ, ఇక్కడ నేనొక్కదాన్నే లేను. సాయి కిరణ్ కూడా విన్నాడు. కారు ఆపండి."

 టైర్ల చప్పుడు పెరిగింది. విశ్వనాథం గొంతు మళ్ళీ వినిపించింది. ఫోన్లోకి కాదు, పక్కనున్న మనిషితో.

"రావూ, ఎక్కడికయ్యా? గేటు వచ్చేసింది. ఇక్కడే తిరగాలి."

కాల్ కట్ అయింది.

చెట్ల అవతల రోడ్డు మీద దుమ్ము లేచింది. వెండి రంగు కారు గేటు దగ్గర కొంచెం కూడా నెమ్మదించకుండా పడమరకి దూసుకుపోయింది. పక్క సీటు అద్దంలో విశ్వనాథం మొహం ఒక్క క్షణం ఇటు తిరిగి కనిపించింది. అద్దం మీద అరచెయ్యి ఆనించి ఉంది.

విద్య పోలీసుల కోసం 911 నొక్కుతూ ట్రక్కు వైపు పరుగెత్తింది. "ఆ రోడ్డు ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు." సాయి కిరణ్ కూడా పరుగెత్తుతూ తాళాలు తీశాడు.  "పాత రాతి క్వారీ. ఆడ అయిపోతది. నూరడుగుల లోతుంటది అక్కా, నీళ్ళు నిండి."

రేపు నేరం ఒప్పుకోవాల్సిన ముసలాయన. స్నేహితుణ్ణి చంపుకున్న బాధ. సొంత కారు. ఆయన తనంతట తానే క్వారీలోకి నడుపుకుని పోయాడంటే, సరోజతో సహా ఎవరూ కాదనరని రావు లెక్క.

విద్య ట్రక్కు తలుపు ఇంకా మూయకముందే సాయి కిరణ్ గేరు వేశాడు.